మిల్లు సర్వరులో నా పేరు

మండపేటలో ఆ రైస్ మిల్లుకి నేను మొదటిసారి వెళ్లిన రోజున కాటా గుమస్తా గారు నన్ను కంప్యూటర్లు అమ్మడానికి వచ్చిన మనిషిననుకున్నారు. "యజమాని గారు లేరండి. సాయంత్రం రండి, ఉంటారు," అని చెప్పి, కిటికీలోంచి బయట నిలబడ్డ ట్రాక్టరు వైపు తిరిగిపోయారు. సర్వరు పెట్టడానికి వచ్చానని చెప్పాను. ఆయన నా భుజానికున్న సంచీ చూసి, "ఇంతేనా అండి?" అన్నారు. సంచీలో ఉన్నది నా ల్యాప్‌టాప్, టిఫిన్ బాక్సు. సర్వరు ముందురోజే ఆటోలో వచ్చింది. ఆఫీసు గదిలో అట్టపెట్టె విప్పకుండా ఉంది. దాని మీద ఎవరో హెల్మెట్ పెట్టారు.

నేను ధవళేశ్వరంలో ఉంటాను. రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. మిల్లులకీ, నర్సింగ్ హోములకీ, బట్టల కొట్లకీ కంప్యూటర్లు అమర్చడం, అవి మొరాయిస్తే వెళ్లి నడిపించి రావడం మా పని. ఆ మిల్లు నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని. అప్పటిదాకా ఎవరో ఒకరి వెనక నిలబడి వైర్లు అందించేదాన్ని.

మిల్లు గేటు పక్కనే కాటా ఉంటుంది. ట్రాక్టరు మొత్తంగా ఎక్కి నిలబడేంత ఇనప పలక అది. ధాన్యంతో ఒకసారి తూస్తారు, లోపల దింపుకుని వచ్చాక ఖాళీ బండిని ఇంకోసారి తూస్తారు. తేడా ఎంతో అదే ధాన్యం బరువు. గుమస్తా గారు ఆ రెండు తూకాలనీ ముప్పై ఏళ్ల పాటు పెద్ద పుస్తకంలో చేత్తో రాశారు. ఇకమీదట అవి నేరుగా సర్వరులోకి వెళ్లాలని యజమాని గారి కోరిక. ఆయన మిల్లులో ఏది కొత్తగా పెట్టినా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ రోజు మధ్యాహ్నానికే వచ్చేసి, నేను ప్రోగ్రామ్ ఎక్కిస్తున్నంతసేపూ నా వెనక కూర్చుని, తెరమీద ఏ మాట కనబడితే ఆ మాట గురించి అడిగారు.

సాయంత్రం నాలుగున్నర అయింది. చివర్లో ప్రోగ్రామ్ ఒక ప్రశ్న వేసింది: నేను ఏ అకౌంటు కింద నడవాలి?

ఇది కాస్త చెప్పాలి. కంప్యూటర్లో పనిచేసే ప్రతివాళ్లకీ ఒక పేరు, దానికో పాస్‌వర్డు ఉంటాయి. దాన్నే అకౌంటు అంటాం. ఏ పేరు దేన్ని ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో ముందే నిర్ణయిస్తాం. ప్రోగ్రామ్ ఎక్కించడానికి చాలా అధికారం కావాలి. ఎక్కిన తర్వాత అది రోజూ నడవడానికి అంత అక్కర్లేదు. కాబట్టి ఎక్కించే పేరు ఒకటి, నడిపే పేరు మరొకటి ఉండాలి. నడిపే పేరుకి దాని పని మేరకే అధికారం ఇవ్వాలి. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

ఆ సాయంత్రం అలాగే ఒక చిన్న అకౌంటు చేసి ఇచ్చాను. ప్రోగ్రామ్ లేవలేదు. ఏదో ఫోల్డరు తెరవడానికి అనుమతి లేదంది. ఆ ఫోల్డరుకి ఇచ్చాను. ఇంకో దానికి లేదంది. వెనకనుంచి యజమాని గారు, "ఏంటమ్మా, ఏమైంది?" అన్నారు. కిటికీ అవతల రెండు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. నా బస్సు టైము దగ్గరపడుతోంది. ఆ చిన్న అకౌంటు తీసేసి, అన్ని అధికారాలూ ఉన్న నా సొంత అకౌంటు పేరు, నా పాస్‌వర్డు కొట్టాను. ఒక్క క్షణంలో అంతా నడిచింది. ప్రింటరులోంచి మొదటి స్లిప్పు వచ్చింది. గుమస్తా గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదువుకుని, "అచ్చు బాగుందండి," అన్నారు.

తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా వచ్చి సరిచేద్దామనుకున్నాను. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక పని తగిలేది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సర్వరులో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే జాబితా ఒకటుంటుంది. కాటా ప్రోగ్రామ్ ఎదురుగా, ఎవరి పేరు మీద నడుస్తోందో చెప్పే గడిలో నా పేరు ఉండేది. అది చూస్తే నాకు బాగుండేది. ఒకసారి ఫోన్లో ఫొటో తీసి మా అమ్మకి కూడా చూపించాను. అంత పెద్ద మిల్లు నా పేరు మీద నడుస్తోందన్నట్టు. మా అమ్మ చూసి, "స్పెల్లింగు కరెక్టే," అంది.

గుమస్తా గారు రెండు వారాల్లో పని పట్టేశారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. కానీ ఏ బటను ఎక్కడుందో ఆయన వేళ్లకి తెలిసిపోయింది. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆయనకి నేను అమ్మాయి గారిని. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన ధాన్యం గింజని పంటికింద పెట్టి కొరికి, తేమ ఎంతుందో చెప్పడం నాకు నేర్పబోయారు. నాకు అన్ని గింజలూ ఒకలాగే ఉండేవి. "ఇది టక్‌మంది కదండి. ఇది మెత్తగా నలిగింది. ఇంకోటి కొరకండి," అంటూ వరసపెట్టి కొరికించేవారు.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఆయన పద్ధతి మారిపోయింది. ఆఫీసు గది మేడమీద ఉండేది. నేను వస్తున్నానని తెలిస్తే కీబోర్డు, తెర కింద కాటా గదిలోకి తెప్పించేవారు. "మెట్లెక్కకండి అమ్మాయి గారూ. ఇక్కడినుంచే చూసుకోండి," అనేవారు. దానికోసం మేడమీంచి పొడుగు కేబులు ఒకటి ఎలక్ట్రీషియన్‌తో లాగించి ఉంచారు. నేను అడగలేదు. ఎనిమిదో నెలలో ఒకరోజు బస్టాండుకి నడిచి వెళ్తానంటే వినకుండా, మిల్లు ఆటోలో ఎక్కించి, "గుంతల దగ్గర మెల్లగా పోనీ," అని డ్రైవరుకి రెండుసార్లు చెప్పారు.

సెలవు మీద వెళ్లేముందు నేను ఒక మంచి పని చేశాననుకున్నాను. చాలాకాలం కనబడని మనిషి పాస్‌వర్డు మార్చి వెళ్లాలని మా కంపెనీలో నియమం. అందరికీ నేనే చెప్పేదాన్ని. మిల్లు సర్వరులో కూడా నా పాస్‌వర్డు మార్చాను. మార్చాక కాటా దగ్గర ఒక స్లిప్పు తీసి చూశాను. వచ్చింది. ఏమీ ఆగలేదు. నిశ్చింతగా ఇంటికొచ్చేశాను.

ఆగకపోవడానికి కారణం వేరే ఉంది. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మళ్లీ మళ్లీ పాస్‌వర్డు అడగదు. మొదట లేచినప్పుడు ఒక్కసారే చూసుకుంటుంది. సర్వరు ఆగి మళ్లీ లేచిన రోజున పాత పాస్‌వర్డుతో తలుపు తడుతుంది. తలుపు తెరుచుకోదు. ఇది కూడా నాకు తెలుసు. ఆ రోజు గుర్తుకు రాలేదంతే.

పాప పుట్టి రెండో రోజు. రాజమండ్రిలో నర్సింగ్ హోములో ఉన్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెబుతున్నారు. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు అయ్యాయి. సగం పంట ఇంకా చేలల్లోనే, కోసి పరిచిన పనల మీద ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోన్ మోగింది. పాప నా ఒళ్లో ఉంది. మా అమ్మ ఫోన్ తీసి, "మిల్లు వాళ్లటే," అని నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మాయి గారూ, బాగున్నారాండి? పాప బాగుందాండి?" గుమస్తా గారి గొంతు. వెనక ట్రాక్టర్ల చప్పుడు, ఎవరెవరో మాట్లాడుకోవడం. ఇద్దరం బాగున్నామన్నాను. ఆయన పాలు పడుతున్నాయా అని కూడా అడిగారు. అప్పుడు నెమ్మదిగా చెప్పారు. "ఏం కంగారు లేదండి. పొద్దున్న కరెంటు పోయిందండి. బ్యాటరీ కూడా అయిపోయింది. ఇప్పుడు కరెంటొచ్చింది గానండి, కాటా ప్రోగ్రామ్ లేవడం లేదు."

మా ఆఫీసు నుంచి రావలసినాయన వేరే పనిమీద తునిలో ఉన్నారు. హైవే మీద వర్షం మొదలైంది, సాయంత్రానికి గానీ రాలేనన్నారట. గేటు బయట ట్రాక్టర్లు కాలవ వంతెన దాకా నిలబడ్డాయి.

"మరి తూకాలు ఆపేశారా బాబాయ్ గారూ?"

"ఆపుతానేంటండి, వాన ముంచుకొస్తుంటే. పాత పుస్తకం తీశానండి. కాటా మీద అంకె కనబడుతోంది కదా, చూసి రాసుకుంటున్నాను. ధాన్యం దిగుతూనే ఉంది. ఆ ఇబ్బంది లేదండి. పొద్దున్న కరెంటు పోకముందు తూచిన బళ్లున్నాయి చూడండి, పద్నాలుగు. వాటి మొదటి తూకం మీ కంప్యూటర్లో ఉండిపోయింది. ధాన్యం దింపేసుకుని ఖాళీ బళ్లతో కూర్చున్నారు. స్లిప్పు లేకుండా వెళ్లరు. వెళ్తే గానీ చేలో ఉన్న మిగతాది తెచ్చుకోలేరు."

అదీ సంగతి. ఆ పద్నాలుగు మంది పంట అటు చేలో తడవబోతోంది. వాళ్లిక్కడ నా పాస్‌వర్డు కోసం కూర్చున్నారు. విషయం ఏమిటో నాకు అప్పుడే అర్థమైపోయింది. పాప చిన్నగా మూలిగింది. మా అమ్మ తనని తీసుకుని భుజాన వేసుకుంది.

"బాబాయ్ గారూ, సర్వరు తెర, కీబోర్డు కాటా గదిలోకి తెప్పించుకుని కూర్చోండి. నేను చెప్పినట్టు చేయండి."

"నేనాండి?" అన్నారు. కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. "ఆయ్. చెప్పండి."

సర్వరులోకి వెళ్లాలంటే నా పాస్‌వర్డు కావాలి. అక్షరం అక్షరం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఫోన్ స్పీకరులో పెట్టి, నేను చెప్పిన ప్రతి అక్షరాన్నీ కాటా గది అంతా వినబడేలా తిరిగి పలికారు. "పెద్ద పి. యు. ఎల్. ఏ. ఎస్..." మధ్యలో ఆగారు. "పులసా అండి?"

గదిలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, "ఈ సీజన్‌లో పులస చేపెక్కడిది?" అన్నారు. నాకు సిగ్గేసింది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని ఊరూరా చెప్పే నేను, మంచం మీద పడుకుని పద్నాలుగు మంది రైతులకి వినబడేలా నా పాస్‌వర్డు చెప్పాను. దాని తర్వాతి అంకెలు కూడా వాళ్లు విన్నారు. మా అమ్మ కూడా విన్నది. "ఎన్నాళ్లనుంచి చెప్తున్నావు నాకు, కష్టమైనది పెట్టుకోమని," అంది పాపని ఊపుతూ.

ఆయన లోపలికి వెళ్లారు. ప్రోగ్రాముల జాబితా ఎలా తెరవాలో చెప్పాను. పొడుగు జాబితా అది. ఆయన పైనుంచి ఒక్కొక్క పేరూ అక్షరాలు కూడబలుక్కుంటూ దిగారు. నేను తొందరపెట్టలేదు. తొందరపెడితే ఆయన తప్పు చేస్తారని కాదు, నా గొంతులో కంగారు ఆయనకి తెలుస్తుందని. కె దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది.

"దొరికిందండి. కె, ఏ, టి, ఏ. కాటా. దాని పక్కన..." ఆగారు. "ఇదేంటండి, ఇక్కడ మీ పేరుంది."

"అవునండి."

"మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదండి. మరి ఇక్కడ మీ పేరు మీద నడవడమేంటి?"

ఆయన తప్పుపట్టి అనలేదు. నిజంగానే అడిగారు. "నేను చేసిన పొరపాటు బాబాయ్ గారూ. వచ్చాక సరిచేస్తాను. ఇప్పుడు దానిమీద మౌసు కుడి బటను నొక్కండి," అన్నాను.

కొత్త పాస్‌వర్డు రెండు గడుల్లో రెండుసార్లు కొట్టించాను. మొదటిసారి రెండూ కలవలేదు. రెండోసారి కలిశాయి. స్టార్ట్ నొక్కమన్నాను. తెరమీద ఒక పచ్చగీత అటునుంచి ఇటు నిండుతోందని ఆయన చెప్పారు. అప్పుడు దూరంగా ప్రింటరు కదిలిన శబ్దం వినబడింది.

"వచ్చిందండి," అన్నారు. ఆ వెంటనే ఫోను పక్కన పెట్టేసి, "ముందు ఆ చివరూరు వాళ్ల బండి పంపండి, వాళ్లది దూరం," అని ఎవరితోనో అనడం వినబడింది. ఫోన్ పెట్టేయడం మర్చిపోయారు. నేను కూడా పెట్టలేదు. పద్నాలుగు స్లిప్పులూ వచ్చేదాకా అలా వింటూ పడుకున్నాను. మా అమ్మ నా మొహం చూసి, "దేనికి ఏడుస్తున్నావిప్పుడు? అయిపోయిందిగా," అంది. బాలింతరాలివి, ఏడవకూడదంది. ఎందుకో నాకూ సరిగ్గా తెలియలేదు. నేను లేకపోతే నడవదు అనేది అప్పటిదాకా గొప్పగా అనిపించిన మాట. నేను లేని రోజున అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆ మధ్యాహ్నం విన్నాను.

మూడో నెల వెళ్లగానే మిల్లుకి వెళ్లాను. పాప ఇంకా పాల మీదే ఉంది కాబట్టి మా అమ్మని, పాపని కూడా వెంటబెట్టుకున్నాను. సీజన్ అయిపోయి మిల్లు కాస్త తెరిపిగా ఉంది. గుమస్తా గారు పాపని చేతుల్లోకి తీసుకుని, కాటా గదంతా తిప్పి చూపించి, "తూద్దామాండి?" అన్నారు. కాటా మీద తువాలు పరిచి పాపని పడుకోబెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నారు. మా అమ్మ కాటా గదిలోకి తొంగి చూసి అంకె ఎంతుందని అడిగింది. అరవై కేజీలన్నాను. ఆయన కూడా ఆ పలక మీదే కూర్చున్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టాక ఆయన లేచి పక్కకి తప్పుకున్నారు. తెరమీద సున్నా. ట్రాక్టర్లు తూచే కాటాకి పాప బరువు ఆనలేదు. చివరికి బస్తాలు తూచే చిన్న కాటా మీద తూచి, ఆ బరువుని ఒక స్లిప్పు వెనక రాసి మా అమ్మకిచ్చారు. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

ఆ రోజు పని మొదలుపెట్టాను. ఈసారి బస్సు టైము చూసుకోలేదు. ప్రోగ్రామ్ ఎక్కించడానికి విడిగా ఒక అకౌంటు చేశాను. కొత్తది ఎక్కించాల్సినప్పుడు తప్ప దాన్ని మూసే ఉంచుతాం. ప్రోగ్రామ్ నడవడానికి ఇంకొకటి చేశాను. దాంతో మనిషెవరూ సర్వరులోకి వెళ్లలేరు. తూకాలు ఉండే ఫోల్డరులో రాయగలదు, తన సొంత ఫోల్డరు చదవగలదు, అంతకుమించి ఏదీ ముట్టుకోలేదు. దాని పాస్‌వర్డు చాలా పొడుగ్గా, ఎవరికీ గుర్తుండనట్టు పెట్టాను. ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, దాని మీద నేనూ గుమస్తా గారూ సంతకాలు చేసి యజమాని గారి బీరువాలో పెట్టించాను. కాటా దగ్గర ఇద్దరు మనుషులు పనిచేస్తారు. అప్పటిదాకా ఇద్దరూ ఒకే పేరు వాడేవారు. ఎవరిది వాళ్లకి చేశాను.

మొదటి రోజు నన్ను ఓడించిన ఆ అనుమతులు మళ్లీ ఎదురొచ్చాయి. ఇది తెరవలేను, అది రాయలేను అని ప్రోగ్రామ్ పేచీ పెట్టింది. ఒక్కొక్క దాన్ని వెతికి, అవసరమైనంతే ఇచ్చుకుంటూ వచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ తూచి చూడాలి. గుమస్తా గారు ఒక ఖాళీ ట్రాక్టరుని కాటా మీద ఆరుసార్లు ఎక్కించి దింపించారు. ఆరోసారికి ఆ డ్రైవరు కిందికి దిగి, "నా బండి ఏమైనా సన్నబడిందాండి?" అని అడిగాడు.

"నడిపేదానికి పేరేం పెట్టారండి?" అని గుమస్తా గారు అడిగారు.

"కాటా సర్వీస్ అనండి."

"దాంతో మనిషెవరూ లోపలికి రాలేరన్నారు కదా."

"రాలేరండి. అది పనికి మాత్రమే."

"పాపం. దానికి సెలవు కూడా ఉండదన్నమాట," అన్నారు.

అసలు కష్టం యజమాని గారి దగ్గర వచ్చింది. మొదట్లో ఆయన అడిగితే ఆయన అకౌంటుకి కూడా నాతో సమానంగా అన్ని అధికారాలూ ఇచ్చేశాను. ఇప్పుడు అది తగ్గించాలి. తూకాలన్నీ చూడగలరు, కాగితం మీద తీసుకోగలరు, మార్చలేరు. ఆ మాట చెప్పేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"అంటే ఏంటమ్మా, నా మిల్లులో నాకు పర్మిషన్ లేదా?"

"అలా కాదండి. మీ పేరు మీద పెద్ద అధికారం ఉంటే, మీకు వచ్చిన ఏదో ఒక చెడ్డ మెయిల్ తెరిచినా దానికీ ఆ అధికారమంతా వస్తుందండి. మీరు చేయకపోయినా మీ పేరుతో అది చేస్తుంది."

"నేను అలాంటివి తెరవను."

గుమ్మం దగ్గర నిలబడ్డ గుమస్తా గారు నెమ్మదిగా అన్నారు. "అయ్యా, ఒక మాటండి. ఇన్నేళ్లలో బాయిలరు దగ్గర వాల్వు మీరెప్పుడైనా తిప్పారాండి?"

"నేనెందుకు తిప్పుతాను? అది ఆపరేటరు పని."

"ఆయ్. అంతేనండి."

యజమాని గారు నా వైపు తిరిగి, "సరే, చూడ్డానికైతే అన్నీ కనబడతాయిగా?" అన్నారు. కనబడతాయన్నాను. "కానియ్యమ్మా," అన్నారు. ఆ రోజు టీ తెప్పించారు గానీ ఆయన మాత్రం తాగలేదు.

చివరగా నా వంతు. నడిచే ప్రోగ్రాములన్నిటిలోంచి నా పేరు తీసేశాను. జాబితా తెరిచి చూస్తే కాటా ప్రోగ్రామ్ ఎదురుగా గడిలో ఆ కొత్త పేరు ఉంది. కొంచెం వెలితిగానే ఉంది. అప్పుడు లోపలినుంచి పాప ఏడుపు వినబడితే లేచి వెళ్లిపోయాను.

ఆ ఎండాకాలం దాళ్వా ధాన్యం వస్తున్న రోజుల్లో యజమాని గారికి కొరియరు వాళ్లు పంపినట్టుగా ఒక మెయిల్ వచ్చింది. ఆయన తెరిచారు. అరగంటలో ఆయన కంప్యూటర్లో ఏ ఫైలూ తెరుచుకోకుండా పోయింది. డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద ఎర్రటి అక్షరాల్లో బెదిరింపు వచ్చింది. ఆయన స్వయంగా ఫోన్ చేశారు. వైరు పీకేయమని చెప్పి, బస్సు దొరక్క షేర్ ఆటోలో వెళ్లాను. ఆ మాయదారి వైరస్ ఆయన కంప్యూటరునుంచి సర్వరు దాకా వెళ్లింది. ఆయన పేరుతోనే లోపలికి తొంగిచూసింది. చూడ్డం తప్ప ఏమీ చేయలేకపోయింది. తూకాలన్నీ ఉన్నాయి. నేను అక్కడికి వెళ్లేసరికి గుమస్తా గారు కాటా గదిలో మామూలుగా స్లిప్పులు తీస్తూనే ఉన్నారు.

యజమాని గారి సొంత కంప్యూటర్లో ఉన్నవి మాత్రం దక్కలేదు. అందులో ఆయన మనవరాలి అక్షరాభ్యాసం ఫొటోలు ఉన్నాయి. బంధువుల ఫోన్లలోంచి కొన్ని తెప్పించి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క ఫొటో చూస్తూ, "ఆ మెయిల్‌లో మా కొరియరు వాడి గుర్తు కూడా ఉందమ్మా," అన్నారు. ఎవరైనా తెరిచేవాళ్లే. నేనైనా తెరిచేదాన్నేమో. మరుసటి వారం మా ఇంటికి ఒక బుట్ట కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు వచ్చాయి. చీటీ ఏమీ లేదు.

గుమస్తా గారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. కాటా గది మెట్లు మూడే. అవి కూడా పట్టుకుని ఎక్కాల్సి వచ్చేది. పోయిన ఏడాది సార్వా అయిపోయాక మానేస్తానని చెప్పారు. ఊళ్లో రెండు గేదెలున్నాయి, కొబ్బరి చెట్లున్నాయి, అవి చూసుకుంటానన్నారు. మానేసినవాళ్ల అకౌంటు అదే రోజు ఆపేయాలని మిల్లులో నియమం రాసింది నేనే. ఆ రోజు నేనే వెళ్లాను. రాజమండ్రిలో కూర్చుని కూడా ఆపొచ్చు. అలా చేయాలనిపించలేదు.

మిల్లులో శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. అందరూ వెళ్లిపోయాక ఆయన, నేను కాటా గదిలో మిగిలాం.

"తీసేస్తారాండి నా పేరు?" అన్నారు.

"తియ్యనండి. ఆపుతానంతే. దాంతో ఇంకెవరూ లోపలికి రాకుండా. మీరు తూచినవన్నీ మీ పేరు మీదే ఉంటాయి. ఎన్నేళ్ల తర్వాత తీసి చూసినా ఎవరు తూచారంటే మీ పేరే చూపిస్తుంది."

"అలాగాండి," అన్నారు. శాలువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. "కానీండి మరి."

ఆపేశాను. ఒక్క క్లిక్కు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, "ఒకసారి నేను చూడొచ్చాండి?" అన్నారు. కీబోర్డు ఆయన వైపు జరిపాను. కళ్లజోడు సరిచేసుకుని తన పేరు కొట్టారు. పాస్‌వర్డు కొడుతున్నప్పుడు నేను అలవాటుగా మొహం పక్కకి తిప్పుకున్నాను. ఎంటర్ నొక్కారు. తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని కూడబలుక్కుంటూ చివరిదాకా చదివారు. ఈ అకౌంటు ఆపివేయబడింది, మీ అడ్మినిస్ట్రేటరుని సంప్రదించండి అని దాని అర్థం.

"బాగానే పనిచేస్తోందండి," అన్నారు.

అడ్మినిస్ట్రేటరంటే ఎవరండి అని అడిగారు. నేనేనన్నాను. ఆయన నవ్వి, పాపకి ఇప్పుడు మాటలొచ్చాయా అని అడిగారు. వచ్చాయని, ఆపితే ఆగదని చెప్పాను. గది తలుపు ఆయనే దగ్గరగా వేశారు. గేటు బయట షేర్ ఆటో దొరికేదాకా ఇద్దరం నిలబడి కబుర్లు చెప్పుకున్నాం.